రెండో రాట

మొదటి లింకు మార్చిలో కట్టాం.
రేవు గట్టున ఐసు ఫ్యాక్టరీ మేడ మీంచి
లంకలో మంచినీళ్ల ట్యాంకు నెత్తికి.
మధ్యలో రెండు కిలోమీటర్ల ఏరు.
డిష్షు మూతి వెంట్రుకవాసి కదిలితే చాలు
సిగ్నలు పోయి కొబ్బరి మట్టల్లో చిక్కుకునేది.
నేను ట్యాంకు మీద, అవతలి గట్టున గెడ్డం ఏసుమణి.
"కొంచెం కుడికి... ఆగు... పోయింది...
ఆఁ, పడింది!"
గాలానికి కొర్రమీను తగిలినవాడి గొంతు అది.

ఏరు ఊరుకుంటుందా?
పోటుకి ఉబ్బుతుంది, పాటుకి చిక్కుతుంది,
మీద పడ్డ తరంగాన్ని
అద్దంలో ఎండలా మళ్లించి మన మొహానే కొడుతుంది.
పొద్దున కుదిరిన లెక్క మధ్యాహ్నానికి తప్పేది.
డిష్షుని ఇంకో రెండు బారలు పైకెత్తాం.
పంచాయతీ బిల్లులో పైపుకి చోటు లేదు,
అది ఏసుమణి వాళ్ల నాన్న తెరచాప కొయ్య.

రెండో లింకు కావాలంటే
సర్పంచి చిట్టూరి భాగ్యవతి నవ్వింది:
"ఉన్నది పనిచేస్తోందిగా!
ఒక్క ముక్కుకి ఎన్ని పుడకలయ్యా?"
అయినా సంతకం పెట్టింది.
అదే ట్యాంకు మీద ఇంకో డిష్షు,
అదే బ్యాటరీ, అదే ప్లగ్గు.
తెర మీద రెండు ఆకుపచ్చ గీతలు చూసి
ఆ రాత్రి పులస తిన్నంత తృప్తిగా పడుకున్నాను.

అక్టోబరులో వాయుగుండం.
పేరు పెట్టేంత పెద్దది కూడా కాదు.
ట్యాంకు కింది గదిలోకి మోకాలిలోతు నీళ్లు.
రెండు గీతలూ ఒకే నిమిషంలో ఎర్రబడ్డాయి.
మూడు రోజులు లంక మాట్లాడలేదు.
నర్సు కెజియా మందుల పేర్లు చీటీ మీద రాసి
నాటుపడవలో పంపింది.
ఒడ్డు చేరేసరికి చీటీలో
ఒక్క పేరే మిగిలింది.

నీళ్లు తీశాక పడవ మల్లాడి నూకరాజు
ట్యాంకు కేసి, నాకేసి చూశాడు.
"నా పడవకీ రెండు తాళ్లున్నాయి బాబూ.
రెండూ ఒక్క రాటకే కడితే
అది ఒక తాడే.
రాట లేచిపోతే తాళ్లేం చేస్తాయి?"
నేను ఫీజు కట్టి నేర్చుకున్న కోర్సులో
ఈ సంగతి నలభయ్యో పేజీలో ఉంది.
అక్కడిదాకా నేను చదవలేదు.

అప్పుడు మొదలైంది వెతుకులాట.
వేరే గట్టు కావాలి, వేరే కరెంటు,
వేరే గాలికి ఊగే చోటు.
చర్చి శిఖరం దొరికింది.
ఆదివారం గంట కొట్టేటప్పుడు
పైన ఎవరూ ఉండకూడదని పాస్టరు గారి షరతు.
తుఫాను షెల్టరు కప్పు మీద ఇంకోటి,
దాని ఎండ దానికే, సొంత సోలారు పలక.
రొయ్యల చెరువు కాపలా మంచె మీద బక్కది ఒకటి,
కాపలా కుర్రాడు దానికి గోనెపట్టా గొడుగు కట్టాడు.
ఒకటి మూగబోతే
మాట పక్క మంచెకి దూకాలి,
అక్కణ్ణుంచి చర్చికి,
చుట్టుదారినైనా ఒడ్డు చేరాలి.

ఇందులో కొత్తేముంది?
ధవళేశ్వరం దాటాక గోదారి చేసిందీ ఇదే.
ఒక పాయ మేటవేస్తే
ఇంకో పాయలో ఒళ్లు దించి
సముద్రానికి పోయింది.
ఏ పాయనీ అడ్డదారి అనలేదు.

డిసెంబరులో ఒక రాత్రి
ఐసు ఫ్యాక్టరీలో ఫ్యూజు ఎగిరింది.
లంకలో కెజియా అప్పుడే
అమలాపురం డాక్టరుతో మాట్లాడుతోంది,
బిడ్డ అడ్డం తిరిగిందని.
తెల్లారాక లాగు తెరిచాను:
రెండు గంటల పదకొండు నిమిషాలకి
నాలుగు సెకన్లు ఖాళీ.
ఆ తరవాత మాటలన్నీ మంచె మీదుగా నడిచాయి.

మధ్యాహ్నం పంటి దిగి అడిగాను,
"రాత్రి ఫోను మధ్యలో తెగిందా?"
కెజియా చేతులు కడుక్కుంటూ గుర్తు చేసుకుంది.
"లేదే.
డాక్టరు గారు కాస్త ఆలోచిస్తున్నారనుకున్నా."